బొమ్మకు కొలత - మాటకు కాపలా



పూర్వం ప్రతి బడిలోనూ ఒక గోడపత్రిక ఉండేది. దస్తూరీ బాగున్న పిల్లలు కథలూ పాటలూ రాసేవారు. బొమ్మలు వెయ్యగలవాళ్ళు పైన రంగుల్లో బడి పేరు రాసి, పక్కన ఒక గుర్తు వేసేవారు. ఆ పత్రికను బడికి వచ్చినవాళ్ళే చదివేవారు. ఇప్పుడు చాలా బళ్ళకు గోడపత్రికకు బదులు వెబ్‌సైటు వచ్చింది. దాన్నయితే గుడివాడలో ఉన్న తాతగారూ చదవవచ్చు, అమెరికాలో ఉన్న పెదనాన్నగారూ చదవవచ్చు. గోడ పెద్దదయింది, అంతే! గుర్తు వెయ్యటం, మాట రాయటం అనే పనులు రెండూ అలాగే ఉన్నాయి.

ఆ రెండు పనులను గురించే ఈ నెల మనకు రెండు ఉత్తరాలు వచ్చాయి.

మొదటిది విజయవాడ దగ్గర బడిలో చదివే ఒక అబ్బాయి రాశాడు. "మాస్టారూ, మేము మా వెబ్‌సైటుకు ప్రకాశం బ్యారేజి బొమ్మతో లోగో తయారు చేశాం. పైన గుండ్రంగా సూర్యుడు, కింద బ్యారేజి డెబ్బై తలుపులూ వేశాం. కాగితం మీద చాలా బాగుంది. కాని వెబ్‌సైటులో పెడితే సూర్యుడు కోడిగుడ్డులాగా అయిపోయాడు. తలుపులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బూడిదరంగు గీతలాగా కనిపిస్తున్నాయి. దీనికేం చెయ్యాలి?" అని అడిగాడు.

రెండో ఉత్తరం దివిసీమ నుంచి వచ్చింది. రాసింది తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. "మా నాయనమ్మ 1977 ఉప్పెన సంగతి చెబుతూ ఉంటే నేను మా బడి వెబ్‌సైటులో టైపు చేశానండీ. ముప్పావు గంట అయ్యాక కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే ఒక్క అక్షరం కూడా లేదు. ఇంకోసారి చెప్పమంటే నాయనమ్మ, 'ఇంక నావల్ల కాదే తల్లీ' అని అటు తిరిగి పడుకున్నది. రాసింది పోకుండా ఉండే ఉపాయం లేదా?" అని అడిగింది.

మొదటి ఉత్తరానికి జవాబు లెక్కల పుస్తకంలో ఉంది. ముందు దాన్ని చూద్దాం. రెండో ఉత్తరం ఇంకా పెద్దది. దాని దగ్గరికి తరవాత వద్దాం.

సూర్యుడు కోడిగుడ్డు ఎందుకయ్యాడు?

కంప్యూటరు తెర మీద కనిపించే ప్రతి బొమ్మా చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కను పిక్సెల్ అంటారు. మన అబ్బాయి గీసిన బొమ్మ వెడల్పు 1,200 చుక్కలు, ఎత్తు 800 చుక్కలు అనుకుందాం. వెబ్‌సైటులో దానికి దొరికిన చోటు 150 చుక్కల వెడల్పు. అబ్బాయి వెడల్పు 150 అని రాసి, ఎత్తు కూడా 150 అని రాసి ఉంటాడు. వెడల్పు 8 వంతుల్లో ఒక వంతుకు తగ్గింది. ఎత్తు మాత్రం అంతగా తగ్గలేదు. అందుకని సూర్యుడు నిలువుగా సాగి గుడ్డు అయ్యాడు. తప్పు సూర్యుడిది కాదు, కొలతది!

మరి ఎత్తు ఎంత ఉండాలి? మీరు బడిలో నేర్చుకునే త్రైరాశికమే ఇక్కడ పనికి వస్తుంది. 1,200 వెడల్పుకు 800 ఎత్తు అయితే, 150 వెడల్పుకు ఎంత? 800ను 150తో హెచ్చించి 1,200తో భాగించండి. 100 వస్తుంది. 1,200కు 800 ఎంతో, 150కి 100 అంతే. రెండూ 3కు 2 అన్న నిష్పత్తిలోనే ఉన్నాయి. బొమ్మను పెంచండి, తగ్గించండి, నిష్పత్తి మాత్రం చెడగొట్టకండి. ఇదే మొదటి సూత్రం.

ఈ సూత్రానికి మంచి ఉదాహరణ మన జాతీయ జెండా. దానికీ మన కృష్ణా జిల్లాకూ సంబంధం ఉంది. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో విజయవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశాల్లో గాంధీగారికి ఒక జెండా నమూనా చూపించారు. విజయవాడను అప్పుడు బెజవాడ అనేవారు. ఆ నమూనా తరవాత మార్పులు చెంది, 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన నేటి జెండాకు దారి చూపింది.

ఈ జెండాకు 9 కొలతలు నిర్ణయించారు. అన్నిటికన్నా పెద్దది 6,300 మిల్లీమీటర్ల పొడుగు, 4,200 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే పొడుగు ఆరు మీటర్ల పైమాట. అన్నిటికన్నా చిన్నది బల్ల మీద పెట్టుకునేది. అది 150కి 100. మధ్యలో ఉన్నవి 3,600కు 2,400, 1,800కు 1,200, 900కు 600, ఇలా ఉంటాయి. ఏదైనా తీసుకుని భాగించి చూడండి. ప్రతిసారీ 3కు 2 అనే వస్తుంది. అందుకే ఎర్రకోట మీద ఎగిరే జెండా అయినా, మంత్రిగారి బల్ల మీది జెండా అయినా చూడగానే అదే జెండా అని గుర్తుపడతాం. గుర్తు అనే మాటకు అర్థమే అది. ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా గుర్తు పట్టగలగాలి.

వెబ్‌సైటు తయారు చేసేటప్పుడు త్రైరాశికం చేసే శ్రమ కూడా మీకు అక్కరలేదు. వెడల్పు ఒక్కటే చెప్పి, ఎత్తు దగ్గర 'ఆటో' అని రాస్తే చాలు. మిగతా లెక్క బ్రౌజరు తానే వేసుకుంటుంది. చిన్న ఫోనులో బొమ్మ తెర దాటి బయటికి పోకుండా ఉండాలంటే, గరిష్ఠ వెడల్పు నూటికి నూరు అని ఇంకొక మాట చేర్చాలి. అంటే, 'తెర ఎంత ఉంటే అంతలోనే ఉండు, దాటిపోకు' అని ఆజ్ఞ ఇచ్చినట్టన్నమాట.

డెబ్బై తలుపులు ఏమయ్యాయి?

ఇక రెండో చిక్కు. ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. దాని పొడుగు సుమారు 1,223 మీటర్లు. తలుపులు 70. అబ్బాయి శ్రద్ధగా అన్నీ లెక్కపెట్టి గీశాడు. అతని ఓపికకు మెచ్చుకోవలసిందే!

కాని 150 చుక్కల వెడల్పులో 70 తలుపులు ఇరికిస్తే ఒక్కొక్క తలుపుకు వచ్చేవి రెండు చుక్కలు. అందులో ఒకటి తలుపుకు, ఒకటి స్తంభానికి. ఫోనులో ఆ లోగోను 50 చుక్కలకు తగ్గిస్తే ఒక తలుపుకు ఒక చుక్క కూడా రాదు! అప్పుడు కంప్యూటరు ఏం చేస్తుంది? తలుపు రంగు, స్తంభం రంగు కలిపి ఒకే చుక్కగా వేస్తుంది. నలుపూ తెలుపూ కలిస్తే బూడిద రంగు. అదే మన అబ్బాయికి కనిపించిన గీత.

తెలుగు అక్షరాలకు కూడా ఈ బాధ ఉంది. మన లిపిలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్నీ ఒకే అక్షరం చుట్టూ చేరతాయి. 'స్త్రీ' అన్న అక్షరాన్ని మరీ చిన్నది చేస్తే వత్తులు ఒకదానితో ఒకటి అతుక్కుని సిరా మరకలాగా కనిపిస్తుంది. అందుచేత లోగోలో బడి పేరంతా ఇరికించకండి. పేరు పక్కన వేరుగా, పెద్ద అక్షరాలతో రాయండి. లోగోలో 70 తలుపులకు బదులు 5 వెయ్యండి. కింద నీటికి గుర్తుగా ఒకటి రెండు అలలు వెయ్యండి. చూసినవాడు లెక్కపెట్టడు. 'అదుగో, మన బ్యారేజి!' అంటాడు. అది చాలు.

చిన్న బొమ్మను పెద్దది చేస్తే మరొక చిక్కు వస్తుంది. 150 చుక్కల బొమ్మను 1,200 చుక్కలకు సాగదీశారనుకోండి. ఒక్కొక్క చుక్క 8 చుక్కల వెడల్పూ 8 చుక్కల ఎత్తూ గల గచ్చు బిళ్ళలాగా తయారవుతుంది. గుండ్రని అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. లేని చుక్కలను కంప్యూటరు ఎక్కడినుంచి తెస్తుంది?

దీనికి ఒక మంచి ఉపాయం ఉన్నది. అది మన ఇళ్ళలో సంక్రాంతి ముగ్గు వేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. మీ అమ్మగారు పక్కింటి అత్తయ్యగారికి ముగ్గు నేర్పేటప్పుడు పిండి గీతలు మోసుకుపోయి చూపించరు కదా! 'ఏడు చుక్కలు పెట్టి, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోండి, ఈ చుక్కనుంచి ఆ చుక్కకు తిప్పండి' అని చెబుతారు. ఆవిడ దాన్ని నోటు పుస్తకంలో జానెడు వెయ్యవచ్చు, వాకిట్లో మూడు గజాలు వెయ్యవచ్చు. ముగ్గు చెడదు. ఎందుకంటే ఇక్కడ చెప్పింది ముగ్గు వేసే పద్ధతి. కంప్యూటరులో కూడా ఇలాంటి బొమ్మలున్నాయి. వాటిని వెక్టరు బొమ్మలంటారు. వెబ్‌సైటుల్లో వాడే వెక్టరు బొమ్మకు ఎస్‌వీజీ అని పేరు. ఫలానా చోటినుంచి ఫలానా చోటికి గీత, ఇక్కడ ఇంత వ్యాసార్థంతో వృత్తం అని అందులో సూచనలు రాసి ఉంటాయి. తెర ఎంత పెద్దదైనా అంచు నున్నగా వస్తుంది. లోగోకు ఇదే శ్రేష్ఠం.

వెక్టరు బొమ్మ చెయ్యటం రాకపోతే, చుక్కల బొమ్మనే రెండు మూడు కొలతల్లో తయారు చేసి పెట్టుకోవచ్చు. పెద్ద పెద్ద వెబ్‌సైటులే ఈ పని చేస్తాయి. వికీపీడియాను నడిపించే మీడియావికీ అనే సాధనానికి లోగో ఇచ్చేటప్పుడు మామూలు తెరకు 135 చుక్కల బొమ్మ, అంతకన్నా నాణ్యమైన తెరకు ఒకటిన్నర రెట్లు, అంటే 202 చుక్కల బొమ్మ, ఇంకా మేలైన తెరకు 270 చుక్కల బొమ్మ ఇవ్వమంటారు. కొత్త ఫోనుల్లో చుక్కలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి కనక రెట్టింపు బొమ్మ పెడితేనే స్పష్టంగా కనిపిస్తుంది. మన అబ్బాయి 150కి 100 చోటులో 300కు 200 బొమ్మ పెడితే సరిపోతుంది.

అలాగని 1,200 చుక్కల బొమ్మను అలాగే పెట్టి చిన్నదిగా చూపించమంటే మంచిది కాదు. ఎందుకో లెక్క చూడండి. 1,200ను 800తో హెచ్చిస్తే 9,60,000 చుక్కలు. 150ని 100తో హెచ్చిస్తే 15,000. భుజం 8 రెట్లయితే వైశాల్యం 64 రెట్లు! ఒక్కొక్క చుక్క రంగు చెప్పటానికి మామూలుగా 3 బైట్లు కావాలి. కుదించకుండా ఉంచితే పెద్ద బొమ్మ బరువు 28,80,000 బైట్లు. జేపీజీ, పీఎన్‌జీ అనే పద్ధతులు దాన్ని కుదించి చిన్న మూట కడతాయనుకోండి. అయినా పెద్ద మూట పెద్ద మూటే. పల్లెలో సిగ్నలు సరిగా అందని చోట ఆ మూట దిగేదాకా మీ తాతగారు ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి.

ఈ 28,80,000 అన్న అంకెను గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీనితో పని ఉంది.

నాయనమ్మ మాటలు ఎక్కడికి పోయాయి?

ఇప్పుడు దివిసీమ అమ్మాయి ఉత్తరం దగ్గరికి వద్దాం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను గురించి మీ ఇళ్ళల్లో పెద్దలు చెప్పే ఉంటారు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. సుమారు 10,000 మంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రిని కళ్ళారా చూసి బయటపడ్డవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయారు. వాళ్ళు చెప్పగలిగినన్నాళ్ళే మనం వినగలం.

మరి ఆ అమ్మాయి టైపు చేసిన మాటలు ఏమైనట్టు?

కంప్యూటరులో రెండు రకాల జ్ఞాపకశక్తి ఉంది. ఒకటి పలకలాంటిది. రెండోది నోటు పుస్తకంలాంటిది. మీరు టైపు చేసే అక్షరం ముందు పలక మీదికి వెళుతుంది. దీన్ని ర్యామ్ అంటారు. దీనిమీద రాయటం, తుడవటం చాలా వేగంగా జరుగుతాయి. కాని కరెంటు ఉన్నంతసేపే దానిమీద రాత నిలుస్తుంది. కరెంటు పోయిందంటే ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టే! రెండోది డిస్కు. కరెంటు పోయినా అందులో రాసింది అలాగే ఉంటుంది. పలక మీది రాతను నోటు పుస్తకంలోకి ఎక్కించటాన్నే సేవ్ చెయ్యటం అంటాం. అమ్మాయి ముప్పావుగంట సేపు పలక మీదే రాసింది. పుస్తకంలోకి ఎక్కించలేదు.

'ఆ అమ్మాయి అప్పుడప్పుడూ సేవ్ చేసుకోవలసింది' అని మీరనవచ్చు. కాని ఆలోచించండి. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెబుతూ ఉంటే మధ్యలో, 'ఆగు నాయనమ్మా, సేవ్ చెయ్యాలి' అనటం ఎవరికి తోస్తుంది? మనసు పెట్టి వినేవాళ్ళే మీట నొక్కటం మరిచిపోతారు. అందుకే ఆ పని మనిషి మీద పెట్టక యంత్రం మీద పెట్టాలి. దాన్నే ఆటోసేవ్ అంటారు.

ఆటోసేవ్‌ను తరగతిలో శ్రద్ధగల ఒక లీడరు అనుకోండి. మీరు పలక మీద రాస్తూనే ఉంటారు. అతను మీ పక్కన నిలబడి, కొంచెంసేపటికి ఒకసారి పలక చూసి, కొత్తగా ఏమైనా రాసి ఉంటే పుస్తకంలోకి ఎక్కిస్తూ ఉంటాడు. కొత్తది లేకపోతే ఊరికే ఉంటాడు. మిమ్మల్ని పలకరించడు.

ఎంతసేపటికి ఒకసారి ఎక్కించాలి? 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ అనే సాధనంతో ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైటులు నడుస్తున్నాయి. అది మామూలుగా 60 సెకన్లకు ఒకసారి, రాసినదాన్ని దూరాన ఉన్న సర్వరుకు పంపుతుంది. 2013 నుంచి దానికి ఇంకొక జాగ్రత్త తోడయింది. 15 సెకన్లకు ఒకసారి మీ కంప్యూటరు బ్రౌజరులోనే ఒక నకలు దాస్తుంది. ఇంటర్నెట్టు తెగిపోయి సర్వరుకు పంపలేకపోయినా దగ్గరి నకలు ఉంటుంది. మీ కంప్యూటరే పాడైపోతే దూరపు నకలు ఉంటుంది. వడ్లు కొంత గాదెలోనూ కొంత పాతరలోనూ దాచుకున్న రైతులాగా!

నిమిషానికి 20 మాటలు టైపు చేసే అమ్మాయి 45 నిమిషాల్లో 900 మాటలు రాస్తుంది. ఆటోసేవ్ లేకపోతే కరెంటు పోగానే 900 మాటలూ పోతాయి. 60 సెకన్లకు ఒకసారి దాచే ఏర్పాటు ఉంటే పోయేవి సుమారు 20. ఆ 20 మాటలూ అమ్మాయికే గుర్తుంటాయి. నాయనమ్మను మళ్ళీ అడగనక్కరలేదు.

'ఇలా మాటిమాటికీ దాస్తే చోటంతా నిండిపోదా?' అని ఎవరైనా అడుగుతారేమో! దీనికీ లెక్క ఉంది. కంప్యూటరులో సాధారణంగా తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్ల చోటు తీసుకుంటుంది. 'కృష్ణ' అన్న మాట చూడటానికి రెండక్షరాలే. కాని కంప్యూటరు దాన్ని క, ఋత్వం, ష, పొల్లు, ణ అని 5 గుర్తులుగా దాస్తుంది. మొత్తం 15 బైట్లు. 2,000 గుర్తులున్న ఒక పేజీకి 6,000 బైట్లు చాలు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న అంకెను ఇప్పుడు బయటికి తియ్యండి. 28,80,000ను 6,000తో భాగించండి. 480! కుదించని ఆ లోగో ఒక్కటి పట్టే చోటులో నాయనమ్మ మాటలు 480 పేజీలు పడతాయి.

చూశారా! బరువంతా బొమ్మది, విలువంతా మాటది. లోగో చెడిపోతే రేపు మళ్ళీ గీసుకోవచ్చు. ముసలమ్మ చెప్పిన మాట పోతే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాని బళ్ళల్లో నేను చూస్తున్నదేమంటే, లోగో రంగు గురించి నాలుగు సమావేశాలు జరుగుతాయి. ఆటోసేవ్ ఉన్నదా లేదా అని ఒక్కరూ అడగరు.

ఒక్క ప్రతి ఉంటే ప్రతి లేనట్టే

ఇది కంప్యూటరుతో పుట్టిన బాధ కాదు. ఇంగ్లండులో కార్లైల్ అనే రచయిత ఫ్రెంచి విప్లవాన్ని గురించి పెద్ద గ్రంథం రాస్తూ, మొదటి సంపుటాన్ని చదవమని స్నేహితుడికి ఇచ్చాడు. 1835లో ఆ స్నేహితుడి ఇంట్లో ఆ కాగితాలు పొరపాటున మంటలో కాలిపోయాయి. ఇంకొక ప్రతి లేదు. కార్లైల్ అదంతా మొదటినుంచీ మళ్ళీ రాసి, 1837లో గ్రంథం ప్రచురించాడు. అంతటి పట్టుదల అందరికీ ఉండదు కదా!

మన దేశంలోనే ఇంకొక కథ ఉంది. కర్నల్ మెకంజీ అనే దొర మన ఊళ్ళ చరిత్రలు సేకరించాడు. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. ఊరూరా కరణాల దగ్గర ఉన్న సంగతులు వాళ్ళు రాయించి తెచ్చారు. వాటిని కైఫీయతులు అంటారు. 1821లో మెకంజీ చనిపోయాడు. కొన్నేళ్ళకు ఆ కాగితాలు శిథిలం కాసాగాయి. మచిలీపట్నంలో కూడా కొంతకాలం ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ దొర ఈ సంగతి గమనించి, లేఖకులను పెట్టి వాటికి నకళ్ళు రాయించాడు. మన గ్రామాల పాత సంగతులు ఇవాళ చదవగలుగుతున్నామంటే, ఆ నకళ్ళు రాసినవారి చలవ చాలా ఉంది. అప్పుడు నెలల తరబడి ఘంటం, కలం పట్టినవాళ్ళు చేసిన పనిని ఇప్పుడు ఆటోసేవ్ 60 సెకన్లకు ఒకసారి చేస్తోంది.

ఆటోసేవ్‌తో జాగ్రత్తలు

అయితే ఆటోసేవ్ ఉన్నదని నిద్రపోకూడదు. అది శ్రద్ధగల లీడరే కాని, బుద్ధిగల లీడరు కాదు. మీరు పొరపాటున పేజీ అంతా తుడిచేస్తే, ఆ ఖాళీ పేజీని కూడా అంతే శ్రద్ధగా దాస్తుంది! అందుకని మంచి వెబ్‌సైటులు పాత ప్రతులను పారెయ్యకుండా వరసగా ఉంచుతాయి. మన తెలుగు వికీపీడియా చూడండి. అది 2003 డిసెంబరులో ప్రారంభమైంది. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగాయి. అందులో ఏ వ్యాసం తెరిచినా పైన 'చరిత్ర' అన్న మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఆ వ్యాసాన్ని ఎప్పుడెప్పుడు ఎలా మార్చారో, మొదటి రోజు నుంచీ వరసగా తెలుస్తుంది. ఎవరైనా చెడగొడితే వెనకటి ప్రతిని మళ్ళీ నిలబెట్టవచ్చు.

రెండో సంగతి. ఆటోసేవ్ దాచినది చిత్తుప్రతి మాత్రమే. అది లోకానికి కనిపించదు. సరిచూసుకుని మీరు ప్రచురించినప్పుడే పదిమందీ చదువుతారు. ఇది మంచిదే! తప్పులతో ఉన్న సగం మాటలు బజారున పడవు.

మూడోది తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను. బ్రౌజరులో దాగిన నకలు ఆ ఒక్క కంప్యూటరులోనే ఉంటుంది. బ్రౌజరును శుభ్రం చేస్తే అదీ పోవచ్చు. ఇంటర్నెట్టు సెంటరులోనో, బడి ల్యాబులోనో రాస్తే మీ చిత్తుప్రతి అక్కడే ఉండిపోయి తరవాత కూర్చున్నవాళ్ళ కంటపడవచ్చు. ఇంటి సంగతులు రాసేటప్పుడు పని కాగానే లాగౌట్ కావటం మరవకండి.

నాలుగోది. ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి తెరిచి రాస్తే, ఒకరి రాత మీద రెండోవారి రాత పడే ప్రమాదం ఉంది. వర్డ్‌ప్రెస్ వంటి సాధనాలు, 'ఇంకొకరు దీన్ని దిద్దుతున్నారు' అని హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక కనిపిస్తే వెనక్కి వచ్చెయ్యండి. ఒకే పలక మీద ఇద్దరు రాస్తే ఎవరి రాతా మిగలదు.

ఇంతకూ దివిసీమ అమ్మాయికి నా సలహా ఏమిటంటే - అమ్మా, నాయనమ్మను వెంటనే అడగకు. ఆవిడ ఒకసారి చెప్పిందంటే ఆ రాత్రిని ఒకసారి మళ్ళీ చూసినట్టే. కొన్నాళ్ళు పోనీ. ఈ లోపల నీకు గుర్తున్నంతవరకు నువ్వే నోటు పుస్తకంలో రాసి పెట్టు. తరవాత ఒకనాడు ఆవిడ పక్కన కూర్చుని, రాసింది చదివి వినిపించు. 'అట్లా కాదే, ఇట్లా జరిగింది' అని ఆవిడే దిద్దుతుంది. ముసలివాళ్ళను చెప్పమంటే కష్టపడతారు కాని, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేరు. మీ బడి వెబ్‌సైటులో ఆటోసేవ్ ఉన్నదేమో మీ కంప్యూటరు మాస్టారిని అడుగు. లేకపోతే పెట్టించమను. అది అయ్యేదాకా పుస్తకంలో రాసిన తరవాతే టైపు చెయ్యి. పుస్తకానికి కరెంటుతో పని లేదు.

ఈ నెల మీరు చెయ్యవలసిన పనులు

1. మీ బడి గుర్తును ఒక కాగితం మీద 12 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల ఎత్తులో గీయండి. తరవాత అదే గుర్తును ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పులో గీయండి. ఎత్తు ఎంత ఉండాలో త్రైరాశికంతో కనుక్కోండి. చిన్న బొమ్మలో ఏ గీతలు కలిసిపోయాయో చూసి, వాటిని తీసేసి మళ్ళీ గీయండి.

2. మీ పేరును కంప్యూటరు ఎన్ని గుర్తులుగా దాస్తుందో లెక్కపెట్టండి. అచ్చును, హల్లును, గుణింతపు గుర్తును, సున్నాను, పొల్లును విడివిడిగా లెక్కపెట్టాలి. వత్తు ఉన్నచోట పొల్లు ఒకటి, హల్లు ఒకటి వస్తాయని మరవకండి. వచ్చిన సంఖ్యను 3తో హెచ్చిస్తే బైట్లు వస్తాయి.

3. మీ వెబ్‌సైటులో ఖాళీ పేజీ తెరిచి పది మాటలు టైపు చెయ్యండి. రెండు నిమిషాలు ఆగి, సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి. మళ్ళీ తెరవండి. పది మాటలూ ఉంటే మీ బడిలో కాపలా ఉన్నట్టు. లేకపోతే ఈ పేజీ తీసుకెళ్ళి మీ మాస్టారికి చూపించండి.

4. ఇంట్లో తాతగారినో, అమ్మమ్మనో వాళ్ళు చూసిన ఒక పాత సంగతి చెప్పమని అడగండి. ఉప్పెన కావచ్చు, కాలవలో పడవ ప్రయాణం కావచ్చు, మొదటిసారి బస్సెక్కిన సంగతి కావచ్చు. ఒక పేజీ రాయండి. రెండు ప్రతులు తియ్యండి. ఒకటి ఇంట్లో దాచండి. రెండోది నాకు పంపండి.